దొరసాని ఇంట్లో పదకొండో రోజు

తాళాలాయన భార్యతో మాట్లాడటం మానేసి ఆ రోజుకి పదకొండు రోజులు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేకపోతే అది వాళ్ళ గొడవ, మధ్యలో మనకెందుకు అని ఎవరైనా అంటారు. కానీ వీళ్ళిద్దరూ పనిచేసేది ఒకే చోట, జంతువుల పార్కులో, చిరుతపులి ఇంట్లో. ఆయన ఆ ఇంటికి కాపరి. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆవిడ మాంసం గదిలో కత్తి పట్టే మనిషి. చిరుత ఇంట్లో రెండో మనిషి డ్యూటీ కూడా ఆవిడదే. అలాంటి చోట ఇద్దరు మాట్లాడుకోకపోవడమంటే ప్రాణాలతో చెలగాటం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ బెట్టు చేశారు, ఏమనాలి వాళ్ళని.

గొడవకి కారణం ఆయన కళ్ళు. ఏడాదిగా చూపు మసకబారుతోంది. ఆయన ఒప్పుకోడు. మాత్రల అట్టమీద అక్షరాలు చిన్నగా వేస్తున్నారని కంపెనీవాళ్ళని తిట్టేవాడు తప్ప కళ్ళ డాక్టరు గడప తొక్కలేదు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఒకరోజు ఆవిడే ఆఫీసుకి వెళ్ళి, ఆయన్ని టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టండి అని అడిగేసింది. ఆ మాట పశువుల డాక్టరు నోటి వెంట విన్నప్పుడు ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. చిరుతలు మూడు తరాలు ఆయన చేతిమీదుగా పెరిగాయి. కట్టుకున్నదే తన పనికి ఎసరు పెట్టిందని మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆవిడకి మాత్రం పౌరుషం లేదా, ఆవిడా నోరు కట్టేసుకుంది.

చిరుత ఇల్లంటే పెద్దదేం కాదు. ఒక పొడవాటి నడవ, దానికి ఒక పక్క ఊచల గేట్లున్న మూడు గదులు. నడవకి ఒక్కటే ద్వారం, మొదటి గది పక్కన ఉన్న ఉక్కు తలుపు. రెండో చివర గోడ. ప్రతి గది వెనకా బయటి పెరట్లోకి ఒక జారుడు తలుపు ఉంటుంది. నడవలో గొలుసు వదిలితే ఆ రేకు పైనుంచి గాడిలో కిందికి దిగుతుంది. చిరుత పెరట్లోకి పోయాక కాపరి గొలుసు వదిలి, "పడిందా?" అని అరవాలి. రెండో మనిషి బయట కంచె దగ్గర నిలబడి, రేకు నేలకి ఆనిందో లేదో కళ్ళతో చూసి, "పడింది" అని అరవాలి. ఆ మాట వినబడేదాకా గది గేటు ముట్టుకోకూడదు.

మాటలు ఆగిపోయాక ఆయన "పడిందా?" అని అడగడం మానేశాడు. రేకు దబ్బుమన్న చప్పుడే చాలనుకున్నాడు. అడగనివాడికి నేనెందుకు చెప్పాలి అని ఆవిడ కంచె దగ్గరికి రావడమే మానేసింది. ఇలా పది రోజులు ఏ లోటూ లేకుండా గడిచాయి. అందుకే పదకొండో రోజు కూడా అలాగే గడుస్తుందనుకున్నాడు.

ఆ రోజు ఆయనతో పాటు మేనకోడలు ఉంది. చెల్లెలి కూతురు. తొలినాటి మనుషుల మీద పరిశోధన చేస్తోంది. దొరసాని తినే మాంసంలో కొన్ని ఎముకలు ఆ పిల్ల కొలిచి పెట్టిస్తుంది, మర్నాడు వచ్చి నమిలినవన్నీ ఏరుకుపోతుంది. దొరసాని అంటే ఆ ఇంట్లో ఉన్న ఆడ చిరుత. పిలిస్తే రాదు, పిలవకపోతే వస్తుంది, అందుకని ఆ పేరు. ఎముకల మీద దాని కోరలు చేసిన గాట్లకీ, లక్షల ఏళ్ళనాటి మనుషుల ఎముకల మీద గాట్లకీ పోలిక చూడటం ఆ పిల్ల పని. పార్కులో అందరూ ఎముకల డాక్టరమ్మ అని ఆటపట్టిస్తారు.

పదింటికి గొలుసు వదిలాడు. రేకు దబ్బుమంది. ఇద్దరూ రెండో గదిలోకి వెళ్ళి ఎముకలు బేసిన్లోకి ఏరారు, నేల కడిగారు. తర్వాత నేల ఆరడానికి ఆ గేటు తీసే ఉంచి, నడవ చివర మూడో గది ముందు ఉన్న తూకం దగ్గరికి వచ్చారు. మూడో గది ఖాళీది, దాని గేటు బార్లా తీసి ఉంది.

"ఒకటి తగ్గింది మామయ్యా," అంది మేనకోడలు. "పిక్క ఎముక. నిన్న ఏడు పెట్టించాను, ఆరే ఉన్నాయి."

"పెరట్లోకి ఎత్తుకుపోయి ఉంటుంది. దానికీ దాచుకునే బుద్ధి ఉంది," అన్నాడు తాళాలాయన.

అప్పుడే రెండో గదిలోంచి రేకు నేలమీద రాచుకుంటున్న చప్పుడు వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ చప్పుడు అలాంటి వేళ ఆయన ఎప్పుడూ వినలేదు. మేనకోడలి భుజం పట్టుకుని మూడో గదిలోకి నెట్టి, తనూ దూరి, గేటు లాగి, ఊచల సందులోంచి చెయ్యి పెట్టి బయటి గడియ వేశాడు. చెయ్యి లోపలికి తీసుకునేసరికి దొరసాని రెండో గది గేటులోంచి నడవలోకి వచ్చి నిలబడి ఉంది.

అది తొందరపడలేదు. తూకాన్ని వాసన చూసింది, చీపురుని వాసన చూసింది, మూడో గది ముందుకొచ్చి ఇద్దర్నీ ఒకసారి తేరిపార చూసి, ఊచలకి వీపు రాసుకుంటూ అటూ ఇటూ తిరగసాగింది. ఇద్దరూ గది మధ్యలో, పంజాకి అందనంత దూరంలో నిలబడ్డారు. వాళ్ళ వెనక జారుడు తలుపు ఉంది, కానీ దాని గొలుసు నడవలో ఉంది, అవతల ఉన్నది దొరసాని పెరడే. ఆయన చేతిలో నేల తుడిచే పొడవాటి రబ్బరు కర్ర, ఆ పిల్ల చేతిలో ఎముకల బేసిన్. ఫోన్లు లోపలికి తేకూడదు. వైర్‌లెస్ సెట్టు ఉక్కు తలుపు అవతల చార్జింగులో ఉంది.

"గేటు గట్టిదేనా?" అంది మేనకోడలు.

"గట్టిదే. ఇందులో ఉన్నంతసేపు మనకేం కాదు. పన్నెండింటికి హెడ్డు కాపరి బయట కంచె వెంట రౌండుకి వస్తాడు, పెరట్లో ఇది లేకపోవడం చూసి మత్తు సూది కొట్టిస్తాడు."

"అయితే పన్నెండు దాకా ఇలా నిలబడాలి. అంతేగా."

అంతే అనబోయి ఆయన ఆగిపోయాడు. వాచీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. పదీ నలభై. పదకొండింటికి ఆవిడ మాంసం బండి తోసుకుంటూ వస్తుంది. ఉక్కు తలుపుకి చిన్న అద్దం ఉంది, కానీ గీతలు పడి పాలరాయిలా అయిపోయింది. మార్చమని అర్జీ పెట్టి రెండేళ్ళయింది, అర్జీ మాత్రం భద్రంగా ఉంది. ఆవిడ తాళం తీస్తుంది, బండిని ముందు తోస్తుంది, వెనకాలే తనూ వస్తుంది. దొరసాని ఇవతల ఉందని ఆవిడకి చెప్పేవాళ్ళెవరు.

ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. బేసిన్ని గోడకేసి కొట్టారు. గాలి తీసే ఫ్యాన్లు రెండూ హోరుమని తిరుగుతున్నాయి. గోడ మూరెడు మందం. ఒకవేళ వినబడినా ఎవరు పట్టించుకుంటారు? ఆ ఇంట్లో బేసిన్లు మోగడం, చిరుత గుర్రుమనడం రోజూ ఉండేవే. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఊరుకున్నారు.

"అది ఎలా వచ్చింది మామయ్యా? రేకు పడింది కదా, నేను కూడా విన్నాను."

తగ్గిన ఎముక ఎక్కడుందో ఆయనకి అప్పటికే అర్థమైంది.

"గాడిలో ఉంది నీ ఎముక. రేకు దాని మీద పడింది. కింద నాలుగు వేళ్ళ సందు మిగిలితే, అది పంజా పెట్టి ఎత్తుకుంది. పక్కనే నిలబడి నేల కడిగాను. నాకు కనబడలేదు," అన్నాడు.

ఆ మాట ఎవరిముందూ ఆయన అంతవరకు అనలేదు. అన్నాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

నిజానికి మేనకోడలికీ కనబడలేదు, ఆమె అసలు అటు చూడనే లేదు. దొరసాని నడవలో తిరుగుతూనే ఉంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే భయంతో చచ్చేట్టున్నాడు ఆయన.

"నీ చదువులో ఉంది కదా. వీటి మధ్య ఆ కాలం వాళ్ళు ఎలా బతికారే?"

"చాలామంది బతకలేదు," అంది ఆ పిల్ల. "వెనక రెండు కోరల రంధ్రాలున్న పుర్రె ఒకటి దొరికింది. చిరుత కోరలు అందులో సరిగ్గా సరిపోయాయి. చిన్నపిల్ల పుర్రె. గోళ్ళు లేవు, కోరలు లేవు, పరిగెత్తినా ఏ జంతువుకైనా దొరికిపోతాం. అయినా మిగిలామంటే ఒకటే కారణం అనుకుంటాను. ఒంటరిగా ఉండలేదు. ఒక్కడుంటే ఆహారం. పదిమంది నిలబడి, రాళ్ళు విసిరి, గోల చేస్తే, దీంతో మనకెందుకు అని అదే పోతుంది. నిప్పు చాలా తర్వాత వచ్చింది."

"మరి చూపు తగ్గినవాణ్ణి? వాణ్ణి వదిలేసి పోయేవాళ్ళు కదా."

మేనకోడలు ఆయన మొహంలోకి చూసింది. "పళ్ళన్నీ ఊడిపోయిన ముసలాయన పుర్రె ఒకటి దొరికింది మామయ్యా. పదిహేడు, పద్ధెనిమిది లక్షల ఏళ్ళనాటిది. దవడలో పళ్ళ గుంటలు పూడుకుపోయి ఉన్నాయి. అంటే పళ్ళు పోయాక కూడా కొన్నేళ్ళు బతికాడు. ఎవరో మెత్తగా చేసి పెట్టి ఉంటారని కొందరంటారు."

ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది. మాటలు మానేసిన ఈ పదకొండు రోజులు కూడా ఆయన మాత్రలు పొద్దుటివి ఒక గిన్నెలో, రాత్రివి ఒక గిన్నెలో వేరుచేసి పెట్టే ఉన్నాయి. పెట్టిందెవరో ఆయన ఒక్కరోజు కూడా అడగలేదు.

"ఇకముందు ఎలా ఉంటాడే మనిషి?" అన్నాడు. "తలుపు తియ్యకముందే అవతల పులి ఉందని పసిగట్టే ముక్కేదైనా వస్తుందా?"

"కావాలనుకున్నవి రావు మామయ్యా. పెద్దయ్యాక కూడా పాలు అరగడం మనిషికి ఈ మధ్యే వచ్చింది, పశువుల్ని పెంచడం మొదలుపెట్టాక. జ్ఞానదంతం కొందరికి అసలు రావడమే లేదు. మార్పు ఆగలేదు, కానీ దానికో గమ్యం లేదు. ఎవరు పిల్లల్ని కని, ఆ పిల్లల్ని బతికించుకుంటారో వాళ్ళలా తయారవుతాం. ఇప్పుడు మనల్ని ఏరేది పులులు కాదు. రోగాలు, ఎండలు, మనం కట్టుకున్న ఇళ్ళు. చాలావరకు మన చేతులారా చేసుకున్నవే."

"ఇదీ చేతులారా చేసుకున్నదే," అన్నాడు ఆయన.

పదీ యాభైకి దొరసాని తిరగడం ఆపింది. చెవులు నిక్కబొడుచుకుంది. ఇక వాళ్ళవైపు చూడను కూడా చూడకుండా నడవ ఆ చివరికి వెళ్ళి, ఉక్కు తలుపుకి వారగా నేలకి కరుచుకుని పడుకుంది. తోక కొస మాత్రం ఆడుతోంది. అన్నం వేళ దానికీ తెలుసు. రోజూ గది లోపలినుంచి ఎదురుచూసేది. ఇవాళ మధ్యలో ఊచలు లేవు.

తాళాలాయన గడియ మీద చెయ్యి వేశాడు.

"మామయ్యా, వద్దు."

"నేను బయటికి పోగానే నువ్వు గడియ వేసుకో. అది నా వైపు తిరిగితే చాలు. తలుపు తెరుచుకునేసరికి దాని మొహం ఇటుండాలి. ఆవిడ చూస్తుంది. చూసిందంటే తలుపు మూసేస్తుంది."

మూసేయాలి కూడా. తలుపు మీద బోర్డే ఉంది: జంతువు నడవలో ఉంటే తలుపు మూసి తాళం వెయ్యాలి, లోపల మనుషులున్నా సరే. బయట దారి నిండా పిల్లాపాపలతో తిరిగే జనం. ఆ నియమం తప్పని ఎవరూ అనలేరు. ఆయనే కొత్తవాళ్ళందరికీ అది కంఠతా పట్టించేవాడు.

గడియ తీసి బయటికి వచ్చాడు. మేనకోడలు కూడా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"లోపలికి పో. మీ అమ్మకి నేనేం చెప్పాలి?"

"ఒక్కరే ఉంటే మీరు దానికి ఆహారం. ఇప్పుడేగా చెప్పాను," అంది.

వాదించే టైము లేదు. ఆయన రబ్బరు కర్ర తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆమె బేసిన్ మోగించింది. భుజాలు ఆనించుకుని, నడవ నిండుగా, ఒక్కో అడుగే వేశారు. దొరసాని గిరుక్కున తిరిగింది. చెవులు వెనక్కి వాలాయి, కోరలు కనబడ్డాయి. రెండో గది గేటుకి ఇవతలే ఆయన ఆగి, మేనకోడల్ని కూడా ఆపాడు.

"ఇక చాలు. దానికి పోవడానికి దారి ఉండాలి. దారి లేదనిపిస్తే మీదకే వస్తుంది."

దారి ఉంది, కానీ దొరసాని పోలేదు. అవతల మాంసం వాసన వస్తుంటే ఎందుకు పోతుంది. ఇద్దరివైపూ చూస్తూ గొంతులో మరిగిపోతున్నట్టు చప్పుడు చేస్తూ అక్కడే ఉంది. ఆయన చేతులు నొప్పెట్టాయి. కర్ర దించితే తను చిన్నవాడైపోతానని తెలిసి దించలేదు. ఎంతసేపో ఆయనకి తెలియదు. ఉక్కు తలుపులో తాళం తిరిగింది.

బండి ముందుభాగం లోపలికి వస్తూనే దొరసాని తొంటికి తగిలింది. అది ఎగిరి గోడవారకి దూకింది. తలుపు సందులో ఆవిడ, రక్తపు మరకల ఏప్రాన్‌తో, బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తలుపు వెయ్యి," అని అరిచాడు ఆయన. పదకొండు రోజుల తర్వాత భార్యతో ఆయన అన్న మొదటి మాట అది.

ఆవిడ చిరుతని చూసింది, మొగుణ్ణి చూసింది, ఆ పిల్లని చూసింది. బండిని ఒక్క తోపు తోసి లోపలికి వచ్చింది. వెనక తలుపు మూసి, తాళం తిప్పి, తాళంచెవి నడుముకి దోపుకుంది. ఇంతసేపూ ఏది జరగకూడదని కర్ర ఎత్తి నిలబడ్డాడో అది ఆవిడ తన చేత్తో తనే చేసింది.

ఆవిడ బండిని తనకీ దొరసానికీ మధ్య అడ్డంగా పెట్టుకుని, ఒక గోడ పట్టుకుని మెల్లగా ముందుకు కదిలింది. అది రెండో గోడ పట్టుకుని తలుపువైపు జరిగింది. ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగినట్టు చోట్లు మారారు. అప్పుడు ఆవిడ బండిని దానివైపుకి బోర్లించేసింది. తొడ ముక్క ఒకటి దొర్లుతూ వెళ్ళి తలుపుకి తగిలింది. దొరసాని దాని మీద పడింది. ఆవిడ పరిగెత్తలేదు. పులి ముందు పరిగెత్తకూడదని ఆవిడకి నేర్పింది ఆయనే. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి వాళ్ళని కలిసింది. ముగ్గురూ అలాగే వెనక్కి నడిచి మూడో గదిలో దూరారు. గడియ పడింది.

నడవ చివర ఎముక పటపటమని విరుగుతున్న చప్పుడు. ఆయన నేలమీద చతికిలబడ్డాడు.

"మీ మామయ్యని గోడకి ఆనుకోమను," అంది ఆవిడ మేనకోడలితో. "నడుం పట్టేస్తుంది, మళ్ళీ రాత్రంతా మూలుగుతాడు."

"మీరే చెప్పొచ్చుగా అత్తయ్యా, పక్కనే ఉన్నారు."

ఆవిడ ఏప్రాన్ విప్పి మూలకి విసిరేసి, ఆయన పక్కన కూర్చుంది.

"రేకు చూడటానికి కంచె దగ్గరికి నేను రాలేదు," అంది ఆవిడ నేలవైపు చూస్తూ.

"నేను అడగలేదు," అన్నాడు ఆయన. "గాడిలో ఎముక ఉంది. నాకు కనబడలేదు. నువ్వు ఆఫీసులో చెప్పింది నిజమే."

నేను ముందే చెప్పానా అని ఆవిడ అనొచ్చు. ఇంకో రోజైతే తప్పకుండా అనేది. ఇప్పుడు అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా ముడుచుకుంది.

మేనకోడలు ఉండబట్టలేకపోయింది. "బయట ఉండి మూసేసి ఉండొచ్చు కదా అత్తయ్యా. అందుకే మామయ్య ప్రాణాలకి తెగించి బయటికొచ్చింది. బోర్డు మీద కూడా అదే ఉంది."

"మూసేయమని ఉంది. మూశాను కదా," అంది ఆవిడ. "ఏ పక్కనుంచి మూయాలో రాయలేదు."

ఆ పిల్ల దగ్గర లక్షల ఏళ్ళ ఎముకలున్నాయి. ఎవరు దేనివల్ల చచ్చిపోయారో వాటిని చూసి చెప్పగలదు. ఎవరు ఎవరికోసం లోపలికి వచ్చారో ఏ ఎముక మీదా రాసి ఉండదు.

తాళాలాయన ఏడుస్తున్నాడు. దాచుకోవాలని కూడా ఆయనకి అనిపించలేదు.

"నువ్వు కూడా పోయేదానివి," అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ, ఈసారి ఆయన మొహంలోకి చూస్తూ. పన్నెండు కావడానికి ఇంకా యాభై నిమిషాలుంది.